ముఖం చదునుగానే ఉండనీ

చిట్టీ,

నువ్వు కుట్టబోయే యానిమే (జపాన్ కార్టూన్) బొమ్మ స్కెచ్ చూశాను. గాలికి ఎగిరే వెండి జుట్టు, భుజాల మీద నల్లటి కేప్, చేతిలో కత్తి, వెనకాల పొద్దుగూకే ఆకాశం. ఇదంతా 8 అంగుళాల ఎంబ్రాయిడరీ రింగులోనా! వద్దంటే నువ్వు వినవని తెలుసు కాబట్టి అనను. రింగు మాత్రం 10 అంగుళాలది తీసుకో. చిన్న రింగులో ఆ కన్ను చిటికెన వేలి గోరంత కూడా రాదు. అందులోనే రెప్ప, కనుపాప, మెరుపు పట్టాలి మరి.

నువ్వు ఇన్నాళ్ళూ పూలు కుట్టావు. ముదురు నుంచి లేతకి రంగు కలుపుతూ పోయే లాంగ్ అండ్ షార్ట్ కుట్టు నీ చేతికి బాగా పట్టుబడింది. ఇక్కడ కొంప ముంచేది అదే. యానిమే ముఖంలో రంగులు సాధారణంగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. ఒక లేత రంగు, పక్కనే నీడ రంగు, మధ్యలో కోసినట్టు అంచు. కంప్యూటర్లు రాకముందు ఆ బొమ్మల్ని పారదర్శకమైన షీట్ల మీద వేసేవాళ్ళు. గీత ముందువైపు, రంగు వెనకవైపు. అందుకే రంగు చదునుగా ఉండి గీత పైన తేలినట్టు కనిపించేది. నువ్వూ అలాగే చెయ్యి. ముఖాన్ని దారంతో నింపకు. రంగు వేసి, గీత ఒక్కటే కుట్టు. ఆ గీతకి నలుపు కాకుండా ముదురు గోధుమరంగు వాడితే ముఖం గట్టిపడినట్టు ఉండదు.

ముందు ఆకాశం వెయ్యి. తడి గుడ్డ మీద రంగు దానంతటది పాకితేనే అందం. అది పూర్తిగా ఆరాకే ముఖం. ఇక్కడ మాత్రం యాక్రిలిక్ రంగులో నీళ్ళు కలపకు, గీత దాటి పాకుతుంది. ఫ్యాబ్రిక్ మీడియం (రంగుని గుడ్డకి పట్టించే ద్రవం) కలిపి, దాదాపు పొడి బ్రష్‌తో పల్చగా రెండు పూతలు వెయ్యి. మందంగా వేస్తే ఎండాక సూది దిగదు.

రంగు నిలవాలంటే ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చెయ్యాలి. నీళ్ళకి పోయే నీలం పెన్ను గీతల మీద ఇస్త్రీ తగిలితే ఆ గీతలు ఇక వదలవు. ఒకసారి నెలరోజుల పని నేను అలాగే పాడుచేసుకున్నాను, ఆ గుడ్డ ఇప్పటికీ బీరువా అడుగున ఉంది. కాబట్టి ముఖాన్ని పెన్సిల్‌తో లేతగా గీసుకో. జుట్టు, కేప్ గీతలు ఇస్త్రీ అయ్యాకే పెన్నుతో గియ్యి. కుట్టు పూర్తయ్యాక చన్నీళ్ళతో పోగొట్టు.

ఇక కళ్ళు. ఇక్కడ తొందరపడకు. ఒక కన్ను పూర్తిచేసి రెండోది మొదలుపెడితే రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి తప్ప జతలా ఉండవు. ఎడమ రెప్ప, కుడి రెప్ప, ఎడమ పాప, కుడి పాప, ఇలా పక్కపక్కనే నడిపించు. పై రెప్ప రెండు పోగులతో స్ప్లిట్ స్టిచ్, అంటే ముందు కుట్టు దారాన్ని చీల్చుకుంటూ సూది పైకి వచ్చే కుట్టు. కింది రెప్ప ఒకే పోగు, అదీ మధ్యలో కాస్త వదిలెయ్యి. పాపకి ఒంటి పోగు శాటిన్ కుట్టు (పక్కపక్కనే ఒత్తుగా వేసే కుట్టు) నిలువుగా, పైసగం ముదురు, కిందసగం లేత. తెల్ల మెరుపు అన్నిటికంటే చివర. రెండు కళ్ళలోనూ అది ఒకే వైపున పడాలి, వెలుగు వచ్చేది ఒక దిక్కు నుంచే కదా. అక్కడ పూస పెట్టాలని నీకు చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పెట్టకు. పూస గదిలో వెలుతురు పట్టుకుని మెరుస్తుంది, నువ్వు పక్కకి జరిగితే చూపు కూడా జరుగుతుంది. మధ్యమధ్యలో ఫోన్‌లో ఫొటో తీసి అద్దంలోలా తిప్పి చూసుకో, మెల్లకన్ను ఉంటే ఇట్టే బయటపడుతుంది.

జుట్టుకి మూడు బూడిద ఛాయలు చాలు, కాడ కుట్టు వరసలు జుట్టు వాలు ప్రకారం పోవాలి. కొన్ని పాయలు వదులుగా వేలాడదీస్తానని రాశావు. సరే కానీ, రింగు గోడకి తగిలించగానే ఎగరాల్సిన పాయ కిందికి జారిపోతుంది! ఒకటి రెండు పాయలకే పరిమితం అవ్వు, లోపల సన్నని తీగ పెట్టి దారం చుట్టు.

కేప్‌కి ఫెల్ట్ (నేయకుండా ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) వాడు, అంచు పోగులు లేవదు. భుజాల దగ్గరే కుట్టి కిందిభాగం వదిలేస్తే దాని నీడ అదే పడుతుంది. కత్తికి జరీ దారాన్ని గుడ్డలోంచి లాగితే చివికిపోతుంది. పైన పరిచి, సన్నటి మామూలు దారంతో అక్కడక్కడా పట్టి కుట్టు. పూసలు, చమ్కీలు ఆఖరున, ఒక్కో పూసలోంచి రెండుసార్లు దారం పోనిచ్చి.

గుడ్డ రెండు పొరలుగా బిగించు, లేకపోతే ఈ బరువుకి సాగిపోతుంది. రాత్రి పని ఆపినప్పుడు రింగు వదులు చెయ్యి. ముఖం వెనక నుంచి నల్లదారం లాక్కెళ్ళకు, చెంప మీద మచ్చలా కనబడుతుంది. చివరికి గుడ్డ అంచుని వెనకవైపు దారంతో ముడిచి బిగించు, జిగురు వద్దు, ముందుకి ఊరుతుంది.

కళ్ళు అయ్యాక ఫొటో పంపు. వెనకవైపుది కూడా.

మీ పెద్దమ్మ