పీణ్యలో ఆరు నెలల ట్రైనింగ్, రూపాయి ఇవ్వరట. మా వాణ్ణి పంపమంటారా?

మీ అన్నగారమ్మాయి కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో నాలుగు నెలలు చదువు, నాలుగు నెలలు కంపెనీలో జీతంతో పని, దాన్ని కో-ఆప్ అంటారని చెబుతున్నారు. మెకానికల్ డిప్లొమా చదివే మీ వాడికేమో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడ కంపెనీ పైసా ఇవ్వనంటోంది. ఇది వెట్టిచాకిరీ కాదా అని మీ ప్రశ్న.

అదే ట్రైనింగ్‌కి అనంతపురం నుంచి పీణ్యకొచ్చి ఇక్కడే పాతుకుపోయిన వాణ్ణి నేను. ఇప్పుడు ఒక షెడ్డులో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) సెక్షన్ చూస్తున్నా. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు నా చేతికిందకి వస్తారు.

నిజం చెప్పాలంటే మొదటి నెలన్నర కంపెనీకి చేతి చమురే. సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ ఎంత బిగించాలో కూడా పక్కన నిలబడి చూపించాలి, ఆలోపు ఆపరేటర్ పని ఆగుతుంది. మూడో నెల నుంచి మెషిన్‌కి జాబ్ (చెక్కాల్సిన లోహపు ముక్క) ఎక్కించడం, కొలతలు రాయడం వాళ్ళే చూసుకుంటారు. మాకు కలిసొచ్చేది చివరి రెండు నెలలే. అందుకే నెల రోజుల ఇంటర్న్‌షిప్ అని వచ్చే వాళ్ళకి ఎవరూ మెషిన్ ముట్టనివ్వరు, ఫైళ్ళు సర్దిస్తారు.

నా సంగతే చూడండి. ట్రైనింగ్‌లో ఉండగా ఆఫ్‌సెట్‌లో (మెషిన్‌కిచ్చే సవరణ కొలతలో) 0.04 బదులు 0.4 కొట్టాను. చూసుకునేసరికి ఐదు జాబులు స్క్రాప్. ఓనరు అరవలేదు. ఆ ఐదూ నా బల్ల మీద పెట్టించి, ట్రైనింగ్ ముగిసేదాకా అక్కడి నుంచి తీయనివ్వలేదు. (తిట్టినా బాగుండేదనిపించింది.)

ఇక వాటర్లూలో 1957 నుంచీ ఈ కో-ఆప్ పద్ధతి ఉంది. కంపెనీయే ఇంటర్వ్యూ చేసి తీసుకుంటుంది, జీతమిస్తుంది, చివర్లో పనితీరు రాసిస్తుంది. చదువు ముగిసేలోపు పిల్లలు ఇలా నాలుగు నుంచి ఆరుసార్లు పనికెళ్తారు. నచ్చితే అదే కంపెనీ మళ్ళీ పిలుస్తుంది, నేర్పిన ఖర్చు అక్కడ రాబడుతుంది. మన దగ్గర ఉన్నది ఒక్క విడతే. చేయి తిరిగేసరికి వాడు పరీక్షలకి వెళ్ళిపోతాడు. ఓనర్లు జేబులో చేయి పెట్టకపోవడానికి కారణం అదే. అలాగని నేను సమర్థించను, కనీసం గది అద్దె, భోజనం ఖర్చయినా ఇవ్వాలి.

ఈ ట్రైనింగ్‌నీ అప్రెంటిస్‌షిప్‌నీ కలిపేయకండి. డిప్లొమా పాసయ్యాక నాట్స్ (కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో ఒప్పందం రాసుకుంటే అది 1961 అప్రెంటిస్ చట్టం కిందకొస్తుంది. స్టైపెండ్ ఇవ్వక తప్పదు, కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. మన దక్షిణాదికంతటికీ ఆ పని చూసే ఆఫీసు చెన్నై తరమణిలో ఉంది.

ఇక మీ వాడి సంగతి. ఏ సెక్షన్‌లో ఎన్ని వారాలు ఉంచుతారో, ఎవరు నేర్పుతారో అడిగి కాగితం మీద రాయించుకోండి. లేత్, మిల్లింగ్, ఇన్‌స్పెక్షన్ మూడూ తిప్పుతామంటే డబ్బు లేకపోయినా నేనైతే పంపుతాను. ఆరు నెలలూ బర్ (ముక్క అంచున మిగిలే గరుకు) గీకిస్తామంటే స్టైపెండ్ ఇచ్చినా పంపను. పోయినేడు అక్కడ చేసిన పిల్లాడితో ఒకసారి మాట్లాడించమనండి. నసిగితే పక్క షెడ్డు తలుపు తట్టండి, పీణ్యలో షెడ్లకి కరువు లేదు.