‘వాంక్విష్’ చివర ‘ష్’ ఎక్కడిది?

సందేహం: ‘ఓడించు’ అనే అర్థంలో ఇంగ్లీషులో ‘డిఫీట్’, ‘వాంక్విష్’ రెండూ కనిపిస్తున్నాయి. రెండూ ఒకటేనా? ‘వాంక్విష్’కు, ‘విక్టరీ’కి చుట్టరికం ఉందంటారు గాని వాటి రూపాల్లో పోలికే లేదు. దయచేసి వివరించగలరు.

సమాధానం: చుట్టరికం నిజమే. రెండూ ‘జయించు’ అని అర్థమిచ్చే ‘వింకెరె’ అనే లాటిన్ క్రియ నుంచి వచ్చినవే. ఆ క్రియకు వర్తమాన రూపాల్లో నడుమ ఒక నకారం చేరుతుంది, భూతకాల రూపాల్లో అది ఉండదు. క్రీ.పూ. 47లో జెలా యుద్ధం గెలిచిన జూలియస్ సీజర్ మాటలుగా ప్రసిద్ధమైన ‘వేనీ, వీదీ, వీకీ’లో ‘గెలిచాను’ అని అర్థమిచ్చే చివరి పదం నకారం లేని ఆ భూతకాల రూపమే. సంస్కృతం తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. ‘ముచ్’ ధాతువు ‘ముంచతి’ అన్నప్పుడు అనునాసికాన్ని తెచ్చుకుని, ‘ముక్త’ అన్నప్పుడు వదులుకోవడం కూడా ఇటువంటిదే. నకారం లేని రూపం నుంచి ‘విక్టర్’, ‘విక్టరీ’ వస్తే, ఉన్న రూపం నుంచి ‘వాంక్విష్’, ‘ఇన్విన్సిబుల్’, ‘కన్విన్స్’ వచ్చాయి. ఈనాడు ‘ఒప్పించు’ అని మనం వాడే ‘కన్విన్స్’ ఒకప్పుడు వాదంలో ఓడించడమే కావడం గమనించదగ్గది.

ఇక చివరి ‘ష్’ సంగతి. ‘ఫినిష్’, ‘పనిష్’ వంటి క్రియలు ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అక్కడి అంగంలో (ప్రత్యయాలు చేరే మూల రూపంలో) ఉన్న సకారం ఇంగ్లీషులో ‘ష్’ అయింది. ‘వాంక్విష్’కు మూలమైన పాత ఫ్రెంచి క్రియ ఆ గణానికి చెందదు; దాని భూతకాల రూపాల్లో మాత్రమే సకారం ఉండేది. 14వ శతాబ్దం నాటికి ఆ పదం ఇంగ్లీషులో స్థిరపడి, ‘ఫినిష్’ వరసను చూసి తానూ ‘ష్’ను తగిలించుకుంది. ‘డిస్టింగ్విష్’, ‘ఎక్స్‌టింగ్విష్’లకు కూడా ఇలా సామ్యం వల్లనే ఆ చివర అబ్బింది. మనం సంస్కృత ధాతువుకు ‘ఇంచు’ చేర్చి ‘జయించు’ అన్నట్టే, పరాయి క్రియను సొంతం చేసుకోవడానికి ఇంగ్లీషు కూడా తనకు అలవాటైన తొడుగు తొడిగిందన్నమాట.

ఇక ‘డిఫీట్’, ‘వాంక్విష్’ అర్థంలో ఒకటి కావు. ‘డిఫీట్’ పాత ఫ్రెంచిలో ‘చేసినదాన్ని చెరుపు’ అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. ఇప్పుడు ఆటకైనా ఎన్నికకైనా చెల్లే మామూలు మాట. ‘వాంక్విష్’ గ్రంథవాసన ఉన్న మాట. ఎదుటివాడు మళ్లీ తలెత్తలేనంతగా గెలవడాన్ని చెబుతుంది, భయం, దుఃఖం వంటి వాటికీ వర్తిస్తుంది. అందుకే ‘మట్టి కరిపించు’ ఎంత గట్టి జాతీయమైనా దీనికి అన్నిచోట్లా సరిపోదు. ప్రత్యర్థిని మట్టి కరిపించవచ్చు గాని, భయాన్ని మట్టి కరిపించాడంటే నప్పదు. సామాన్య రచనలో ‘జయించు’ చాలు. సంపూర్ణమైన గెలుపు అనే బరువు కూడా కావలసిన చోట, ‘పూర్తిగా జయించు’ అనే అర్థం ఉపసర్గతోనే పలికే ‘నిర్జించు’ను నేను నిస్సంకోచంగా వాడతాను.