జపాన్ కొండ అడవుల్లో ఉండే కొన్ని పాత షింటో (జపాన్ సంప్రదాయ మతం) గుళ్లకి గర్భగుడి ఎందుకుండదు?

అక్కడ దేవుడు ఆ కొండలోనే ఉంటాడని నమ్మకం, కాబట్టి ఆయనకి విడిగా గది కట్టలేదు. షింటోలో దేవుళ్లని కామి అంటారు, కొండ, బండరాయి, పెద్ద చెట్టు ఇలా దేంట్లో అయినా కామి కొలువుండొచ్చు, అసలు పాతకాలంలో అడవిలోనే ఒక చోటు చూసుకుని పూజ చేసేవాళ్లు, పర్మనెంట్ బిల్డింగులు తర్వాతొచ్చినవే.

నారా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఓమివా గుడి ఉంది, జపాన్‌లో బాగా పాతవాటిలో ఒకటి. 467 మీటర్ల మివా కొండలోనే అక్కడి దేవుడు ఉంటాడని నమ్మకం. 1664లో కట్టిన ప్రార్థన మండపం ఉంది గానీ దాని వెనక మూడు తోరణాలు కలిపినట్టుండే ద్వారం, ఆ వెనక అడవి, అంతే. కొండెక్కొచ్చు, కాకపోతే పక్కనే ఉన్న సాయ్ గుడిలో పేరు రాయించుకుని తెల్ల పట్టీ మెళ్లో వేసుకుని వెళ్లాలి, కొండ మీద ఫోటోలు తీయనివ్వరు (రీల్స్ బ్యాచ్‌కి కష్టమే).

చాలామంది దారిలో కనిపించే తోరీ ద్వారాన్నే గుడి అనుకుంటారు, అది పవిత్ర స్థలం ఇక్కణ్ణుంచి మొదలని చెప్పే హద్దు మాత్రమే. అలాగని షింటో గుళ్లన్నీ ఇంతే అనుకోవద్దు, ఎక్కువ వాటికి గర్భగుడి ఉంటుంది, లోపల అద్దం లాంటి పవిత్ర వస్తువు ఉంటుంది, మామూలు భక్తులకి అది కనపడదు.