కోవిడ్ తగ్గాక శ్వాసకోశ వైరస్‌ల టీకాలు, మందుల మార్కెట్ పడిపోతుందా?

కోవిడ్ టీకాల అమ్మకాలు పడిపోయిన మాట నిజం. కానీ మిగతా వైరస్‌ల సంగతి వేరు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆర్‌ఎస్‌వీ. చంటిపిల్లలకు ఆయాసం తెచ్చే వైరస్ ఇది. 1960ల్లో ప్రయోగించిన టీకా వికటించి, వేయించుకున్న పిల్లలకే జబ్బు ముదిరింది. వైరస్ మన శరీర కణంలోకి దూరడానికి వాడుకునే ఎఫ్ ప్రొటీన్, దూరకముందు ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తేలాకే దారి దొరికింది. 2023లో జీఎస్‌కే, ఫైజర్ కంపెనీల ఆర్‌ఎస్‌వీ టీకాలకు అమెరికా అనుమతిచ్చింది. ఫైజర్ టీకాను గర్భిణికి వేస్తే పుట్టే బిడ్డకూ రక్షణ. నా దృష్టిలో అసలు ఎదుగుదల ఇక్కడే.

ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి టీకా ఏటా వేయించుకోవాలి, గిరాకీ నిలకడగా ఉంటుంది. మన దేశంలో మాత్రం అందరికీ ఇచ్చే ఉచిత టీకాల్లో అది లేదు. బెంగళూరు మారతహళ్లిలో మా వీధి మందుల షాపు ఫ్రిజ్‌లో, ఇన్సులిన్ పెట్టెల వెనక రెండే డోసులు కనిపించాయి. అడిగేవాళ్లు తక్కువట. పెద్దవాళ్లున్న ఇళ్లు దీన్ని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఫ్లూ మందు ఒసెల్టమివిర్ చాలా కంపెనీలు చేస్తున్నాయి, లాభం తక్కువ. పైగా లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసివాళ్లలో బయటపడిన హెచ్‌ఎంపీవీ అనే మరో శ్వాసకోశ వైరస్‌కు అప్పటికి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు.