ద్రాక్ష మీద తెల్ల పొర పురుగుమందేనా? ఉప్పు నీళ్ళతో పోతుందా?

బెంగళూరు మడివాళ మార్కెట్లో కొన్న ద్రాక్ష గురించి అడిగారు కదా, గుత్తి మీద సమానంగా, బూడిద రాసినట్టు ఉండి వేలితో రుద్దితే పోయే పొర చాలావరకు ఆ పండు సొంత మైనమే, దానికి టెన్షన్ అక్కర్లేదు. మందు కొట్టిన మరకలు వేరేగా ఉంటాయి, చుక్కలు చుక్కలుగా, చార కట్టి, ఎక్కువగా కాడ దగ్గర. అసలు చిక్కేంటంటే కంటికి కనపడని మందే ఎక్కువ.

మందుల్లో రెండు రకాలు. కొన్ని పైనే అంటుకుని ఉంటాయి, కడిగితే చాలావరకు పోతాయి. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మాత్రం మొక్క లోపలికే ఎక్కుతాయి, వాటిని మీరు ఉప్పు, పసుపు, వెనిగర్ ఏం వేసి నానబెట్టినా పూర్తిగా తీయలేరు. 2017లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్ళు యాపిల్ మీద చూస్తే, వంటసోడా నీళ్ళలో 12–15 నిమిషాలు ఉంచితే పైన ఉన్న మందు పోయింది, తొక్కలోకి దిగింది మాత్రం మిగిలింది.

నేను చేసేది: అర లీటరు నీళ్ళకి ఒక చెంచా వంటసోడా, పావుగంట, తర్వాత కుళాయి కింద చేత్తో రుద్ది కడగడం. కాలీఫ్లవర్ అయితే ముందే పువ్వులు విడదీస్తాను, లేకపోతే నీళ్ళు లోపలికి పోవు. కరివేపాకు కూడా రెబ్బ రెబ్బగా దూసి కడగాలి, పోపులో మొత్తం తినేస్తాం కాబట్టి. మార్కెట్లో అమ్మే 'వెజ్జీ వాష్' సీసాలకి డబ్బులు పెట్టడం నాకైతే దండగే అనిపిస్తుంది. సబ్బు మాత్రం వద్దు, అది తొక్కలోకి ఇంకుతుంది.