ఊరి సాయంతో సాయంత్రం సెంటర్ నడపాలంటే ముందు చదువు చెప్పే మనిషి జీతం తేల్చండి

సర్కారు బడి వదిలాక ఊరి పిల్లల కోసం సాయంత్రం సెంటర్ పెట్టాలనుకుంటున్నామని, అమెరికాలో ఉన్న మీ ఊరివాళ్లు డబ్బు పంపుతామంటున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. ఖమ్మం జిల్లాలో మా ఊళ్లో అలాంటిదే కొన్నేళ్లుగా నడుపుతున్నాం. అందులో నాకు తెలిసింది చెప్తాను.

బిల్డింగ్, టీవీ, కంప్యూటర్ల సంగతి తర్వాత. రోజూ పిల్లలతో కూర్చునే మనిషికి జీతం ఎక్కడినుంచి వస్తుందో ముందు తేల్చండి. సేవ పేరుతో డిగ్రీ పిల్లలతో ఊరికే చెప్పిస్తే ఎన్నాళ్లో సాగదు. వాళ్లకు పరీక్షలొస్తాయి, ఉద్యోగాల కోచింగ్ ఉంటుంది, ఆడపిల్లలకైతే సంబంధాలొస్తాయి. జీతం లేని పనిని ముందు ఇంట్లోవాళ్లే మాన్పిస్తారు. ఒకటో తారీఖున చేతికి డబ్బు వస్తుంటే మాత్రం 'టైమైంది, నువ్వెళ్లు, వంట నేను చూస్తా' అని అత్తగారే అంటుంది. మా దగ్గర చెప్తున్నది పెళ్లయి మా ఊరొచ్చిన ఒక కోడలు, డిగ్రీ చదివింది. పిల్లలంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. బడి టీచర్లకు డబ్బిచ్చి పెట్టుకుందామని మాత్రం అనుకోకండి. టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లో ఉంది. హెడ్మాస్టర్ గారితో మాట్లాడి ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో తెలుసుకోండి, అది చాలా పెద్ద సాయం.

ఆ జీతం ఊరినుంచే రావాలన్నది నా గట్టి అభిప్రాయం. మహిళా పొదుపు సంఘాలు ఎలాగూ నెలనెలా కూర్చుంటాయి. అక్కడే తలా కొంత తీసి, రాసి, సంతకం పెట్టించుకోండి. ఇరవై రూపాయలు ఇచ్చిన తల్లి 'మావాడు ఈ వారం ఏం నేర్చుకున్నాడు?' అని అడుగుతుంది. ఆ అడగడమే సెంటర్‌ను నిలబెడుతుంది. జమ ఎంత, ఖర్చు ఎంత అన్నది నెలాఖరున చార్టు మీద రాసి గోడకు అంటించండి. ఊళ్లో పార్టీలు ఎన్నున్నా ఆ చార్టు ముందు ఎవరూ గొడవకు రారు.

అమెరికా డబ్బు వద్దనను. పుస్తకాలకు, ఇన్వర్టర్‌కు వాడుకోండి. కానీ జాగ్రత్త. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ కార్డు (మన మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, బయటి దేశాల విరాళాలను అదుపు చేసే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద విదేశీ విరాళమే. ఆ చట్టం కింద అనుమతి లేకుండా మీ సంఘం దాన్ని తీసుకోకూడదు. ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. ఎవరిది ఏ పాస్‌పోర్టో అడగడానికి మొహమాటపడకండి. కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టర్ చేయించి, దాని పేరు మీదే ఖాతా తెరవండి.

ఇక పిల్లల సంగతి. మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలకు ఐదింటికల్లా కడుపు మాడుతుంటుంది. ఆకలితో ఉన్నవాడికి ఎక్కాలు ఎక్కవు. వచ్చీ రాగానే గుగ్గిళ్లో, పల్లీ పట్టీయో పెట్టండి. మా ఊళ్లో ఇళ్లవాళ్లు వంతులవారీగా ఉడకబెట్టి పంపుతారు. తర్వాత తరగతిని బట్టి కాకుండా చదవగలిగేదాన్ని బట్టి కూర్చోబెట్టండి. ఆరో తరగతికి వచ్చినా గుణింతాలు రాని పిల్లలుంటారు. హోంవర్క్ చేయించి పంపిస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. మాతో పాటు పెద్ద పిల్లలు కూడా చిన్నవాళ్లకు కథలు చదివి వినిపిస్తారు. అలా చదువుతూ చదువుతూ వాళ్లకే ధారాళంగా రావడం కళ్లారా చూశాను.

చీకటి పడేలోపు వదిలేయండి. వానాకాలంలో, చలికాలంలో అయితే ఒక పెద్దావిడ తోడుగా వాడవాడకూ దింపి రావాలి. ఆడపిల్లల్ని పంపాలా వద్దా అని ఇంట్లోవాళ్లు తేల్చుకునేది దీన్ని బట్టే.

పత్తి ఏరే రోజుల్లో, మిరప కోతలప్పుడు హాజరు పడిపోతుంది. అప్పుడు సెంటర్ మూయకండి, పిల్లల్ని తిట్టకండి. చేలోంచి తల్లులు ఇంటికొచ్చే వేళ కనుక్కుని, ఆ నెలలకు టైము మార్చుకోండి. చిన్న తమ్ముణ్ణో చెల్లెల్నో చంకనేసుకుని వచ్చే పిల్లను వెనక్కి పంపకండి. ఒక మూల చాప వేసి, ఆ చిన్నవాళ్లకూ నాలుగు బొమ్మలు పెట్టండి.