ముగ్గురా, ఒక్కరా? ఎనిమిదో క్లాసు పిల్లాడి దగ్గర నేను దొరికిపోయిన కథ

ప్రశ్న ఇది: "క్రైస్తవులు దేవుడు ఒక్కడే అంటారు. మళ్ళీ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటారు. అంటే ముగ్గురు దేవుళ్ళా? పైగా తండ్రి అంటున్నారు కాబట్టి దేవుడు మగవాడనా?"

నేను వేదాంతం చదువుకున్నదాన్ని కాదు. గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ సంఘంలో 12 ఏళ్ళు సండే స్కూల్ చెప్పాను, అంతే. కానీ ఈ ప్రశ్న దగ్గర ఒకసారి అందరి ముందూ బోర్లాపడ్డాను కాబట్టి రాస్తున్నాను.

ఒక మే నెలలో వీబీఎస్, అంటే పిల్లలకి సెలవుల్లో పెట్టే బైబిల్ బడి, జరుగుతోంది. నా వంతుకి త్రిత్వం లెసన్ వచ్చింది, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒక్క దేవుడే అనే పాఠం. చిన్నప్పుడు నాకు చెప్పిన పోలికనే నమ్ముకుని ఒక స్టీలు గిన్నె, కిరోసిన్ స్టవ్, సోడా కొట్టు నుంచి ఐసు గడ్డ తెచ్చుకున్నాను. ఐసు కరిగితే నీళ్ళు, నీళ్ళు కాగితే ఆవిరి, మూడూ ఒకటే పదార్థం కదా, దేవుడూ అంతే అన్నాను. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను మురిసిపోతున్నాను. అప్పుడు వెనక వరసలో ఎనిమిదో క్లాసు పిల్లాడు లేచాడు.

"అక్కా, యేసయ్య యొర్దానులో బాప్తిస్మం తీసుకున్నప్పుడు పావురంలా దిగిందెవరు? పైనుంచి 'ఈయనే నా ప్రియ కుమారుడు' అన్నదెవరు? ఒకే నీళ్ళు ఒకేసారి ఐసూ ఆవిరీ ఎట్టా అవుతాయి?"

నా దగ్గర జవాబు లేదు. గిన్నెలో నీళ్ళు మాత్రం సలసలా కాగుతున్నాయి.

సాయంత్రం మా పాస్టరు అయ్యగారికి చెబితే పడీ పడీ నవ్వారు. "అమ్మా, 1800 ఏళ్ళ నాటి పొరపాటు ఇది. సబెల్లియస్ బోధ నువ్వు స్టవ్ మీద పెట్టి మరీ చూపించావు" అన్నారు. మూడో శతాబ్దంలో రోములో ఆయన పేరుతో ప్రచారమైన బోధ అది. ఒకే దేవుడు ఒకసారి తండ్రి వేషంలో, ఇంకోసారి కుమారుడి వేషంలో, మరోసారి ఆత్మగా కనిపిస్తాడని దాని సారం. అదే నిజమైతే గెత్సేమనే తోటలో యేసు ఎవరికి ప్రార్థన చేసినట్టు? తనకు తానేనా? మా ఆయన నాకు భర్త, పిల్లలకు తండ్రి, మా అత్తగారికి కొడుకు అనే పోలిక కూడా ఈ గోతిలోనే పడుతుంది. నేను అదీ చెప్పాను, ఒప్పుకుంటున్నాను.

దీనికి ఎదురు గట్టు మీద ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్ ఉన్నాడు. కొడుకన్నాక తండ్రి తర్వాతేగా పుట్టేది, కాబట్టి కుమారుడు లేని కాలం ఒకటి ఉండి ఉండాలి అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అది తేల్చడానికే 325లో నీకయలో, అంటే ఇప్పటి టర్కీలో, బిషప్పులు కూడారు. తండ్రిది ఏ సారమో కుమారుడిదీ అదే సారం అని రాసుకున్నారు. వాళ్ళ విశ్వాస ప్రమాణంలో ఉన్న పోలిక వెలుగు నుంచి వెలుగు. దీపం ముందు పుట్టి వెలుతురు తర్వాత పుట్టిందని ఎవరూ అనరు కదా. పరిశుద్ధాత్మ సంగతి ఇంకా వివరంగా 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ చెప్పింది.

ఇక "ముగ్గురు దేవుళ్ళా" అన్న మాటకొస్తాను. అచ్చంగా ఇదే ప్రశ్న నాలుగో శతాబ్దంలో అబ్లాబియస్ అనే ఆయన వేశాడు. పేతురు, యాకోబు, యోహాను అందరూ మనుషులే, అయినా ముగ్గురు మనుషులు అంటున్నాం, మరి ముగ్గురు దేవుళ్ళు అని ఎందుకు అనకూడదు అని. నిస్సా ఊరి బిషప్పు గ్రెగొరీ జవాబు రాశాడు. మన భాషలో చెప్పాలంటే, ముగ్గురు రైతులుంటే ఎవరి చేను వాళ్ళు దున్నుకుంటారు, అందుకే వాళ్ళు ముగ్గురు. దేవుడి విషయంలో అట్లా విడివిడి చేలు లేవు. ఏ పనైనా తండ్రి దగ్గర మొదలై, కుమారుడి ద్వారా సాగి, ఆత్మలో నెరవేరుతుంది. పని ఒక్కటే. నా హిందూ స్నేహితురాలు "మా త్రిమూర్తుల్లాగేనా" అని అడిగినప్పుడు కూడా ఇదే చెప్పాను. సృష్టి ఒకరిది, రక్షణ ఒకరిది అని పంచుకోవడం ఇక్కడ లేదు.

నాకు మాత్రం అసలు చిక్కు మన తెలుగులోనే ఉందనిపిస్తుంది. ఇంగ్లీషువాడు మనుషులకీ మామిడికాయలకీ ఒకే 'త్రీ' వాడతాడు. మనం ముగ్గురు అనాలి, లేదా మూడు అనాలి. ముగ్గురు అంటే ముగ్గురు మనుషులు కళ్ళ ముందు నిలబడతారు. మూడు అంటే వస్తువులైపోతాయి. అందుకేనేమో మన పెద్దలు సంస్కృతం చాటుకు వెళ్ళి 'త్రియేక దేవుడు' అన్నారు. తండ్రి, కుమారుడు, ఆత్మ ఒక్కొక్కరినీ చెప్పడానికి వాడే 'వ్యక్తి' అనే మాటతోనూ ఇదే తంటా. ముగ్గురు వ్యక్తులంటే మనకు మూడు ఆధార్ కార్డులు గుర్తొస్తాయి. లాటిన్‌లో రాసిన పాతకాలపు బిషప్పు అగస్టీన్‌కీ ఆ మాటతో తృప్తి లేదు. ఆ సంగతి పూర్తిగా చెప్పగలిగి కాదు, ఊరుకోలేక ముగ్గురు అంటున్నాం అని రాసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఒక చోట మాత్రం తెలుగు బాగా కలిసొచ్చింది. మామూలుగా ఆత్మని 'అది' అంటాం. మన బైబిల్లో యోహాను 14వ అధ్యాయం చూడండి, పరిశుద్ధాత్మని 'ఆయన' అనే అంటుంది. పరిశుద్ధాత్మ కరెంటులాంటి శక్తి కాదని చెప్పడానికి నాకు ఆ ఒక్క సర్వనామం చాలు.

మగవాడా అంటే, కాదు. తండ్రి అనేది సంబంధం చెప్పే మాట, శరీరం చెప్పే మాట కాదు. యెషయా 66లో దేవుడే "ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను" అంటాడు. యేసు తనను కోడితో పోల్చుకున్నాడు, పిల్లల్ని రెక్కల కింద దాచుకునే కోడితో. అయినా తండ్రి అనే మాట ఎందుకు వదలరంటే, యేసు ప్రార్థించిన మాట అది కాబట్టి. మార్కు సువార్త గ్రీకులో రాసిందే అయినా గెత్సేమనే తోటలో ఆయన నోటి నుంచి వచ్చిన 'అబ్బా'ని ఆయన మాట్లాడిన అరామిక్ భాషలోనే ఉంచింది, పక్కనే తండ్రీ అని అర్థం రాసి. చిన్నప్పుడు నేను అది నొప్పితో అన్న అబ్బా అనుకునేదాన్ని. పాత తెలుగులో అబ్బ అంటే తండ్రేనని తర్వాత తెలిసింది. ఇప్పుడది ఎక్కువగా తిట్లలో వినిపిస్తోంది, ఏం చేస్తాం.

మా నాయనమ్మకి నీకయ తెలీదు, అగస్టీన్ తెలీదు. రాత్రి మంచం మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, "నాయనా, ఈ పూట గడిపించావు" అని మొదలుపెట్టేది. దేవుణ్ణి మీరు అనడం ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ప్రార్థన అయ్యాక మా తమ్ముడు మంచినీళ్ళ గ్లాసు అందిస్తే అదే గొంతుతో "ఇటియ్యి నాయనా" అనేది.